ఆఖరి కచేరీలో రెండు నవ్వులు

ఎల్లారెడ్డిలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో 2009లో చేరాను. అప్పటికి నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, బోర్డు మీద వ్యాకరణం విడమరచి చెప్పడం ఇంకా బాగా వచ్చు. వినడం మాత్రం రాదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. కామారెడ్డిలో పుట్టి, అక్కడే తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివి, గైడ్లు బట్టీపట్టి ఎం.ఏ. గట్టెక్కినదాన్ని. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే మనిషిని ఎదురుగా కూర్చుని విన్న సందర్భం నా జీవితంలో ఒక్కటీ లేదు.

కాపురం కామారెడ్డిలోనే. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో చెప్పలేని పరిస్థితి. చాలాసార్లు లింగంపేట దాకా వచ్చి నిలిచిపోయేవి. అక్కడి నుంచి ఎల్లారెడ్డికి ఆటోలే దిక్కు. అలా 2011లో ఒకరోజు పొద్దున ఒక ఆటో ఎక్కాను.

ఆ దారిలో ఆటోలన్నింటిలోనూ ఉద్యమ పాటలో, జానపదాలో మోగుతుండేవి. ఇందులో మాత్రం ఎలక్ట్రిక్ గిటార్లు గర్జిస్తున్నాయి. డ్రమ్ముల చప్పుడుకు సీటు కింద రేకు అదురుతోంది. బొంగురు గొంతుతో ఎవరో ముసలాయన ఇంగ్లీషులో పాడుతున్నాడు. వెనుక వేలమంది జనం ఒకటే హోరు. నా పక్కన బీడీలు కార్ఖానాలో ఇచ్చి ఖాళీ గంపతో తిరిగిపోతున్న అవ్వ కూర్చుంది.

“ఏందిరా గీ లొల్లి? మంచి పాటలు లేవా నీ దగ్గర?” అంది.

“గిది గూడ పాటనే అవ్వా. జర ఓపిక పట్టు, ఊరు అచ్చినట్టే” అన్నాడు ఆటో ఆయన.

“పాటనా? ఎవలో ఎవల్నో కొడుతున్నట్టున్నది.”

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు కానీ పాట ఆపలేదు. నలభై దాటిన మనిషి. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. అరచేతులు గట్టిగా, మోటుగా ఉన్నాయి. హ్యాండిల్ పక్కన ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా చుట్టిన ఒక సీడీ డబ్బా పెట్టుకున్నాడు.

మూడు నాలుగు సార్లు అదే ఆటో ఎక్కాక నేను ఇంగ్లీషు చెప్పే మేడం అని ఆయనకు తెలిసింది. ఒకరోజు మిగతావాళ్లందరూ దిగిపోయాక, ఎల్లారెడ్డి ఇంకా కిలోమీటరు ఉందనగా, ఆటో రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

“మేడం, మీ టైము జర తీసుకుంట. ఏమనుకోవద్దు” అన్నాడు. కవరు విప్పి డబ్బా నా చేతికిచ్చాడు. అట్ట మీద ఒక పెద్ద వేదిక బొమ్మ, దీపాల వెలుగులో ఐదుగురు ముసలి సంగీతకారులు, ఇరువైపులా ఆకాశంలోకి లేచిన ఇనుప స్తంభాలు. వాళ్ల వీడ్కోలు కచేరీని అది జరుగుతుండగా రికార్డు చేశారని అట్ట మీద రాసి ఉంది.

“గా కుడిదిక్కు టవరు మేం కట్టిందే” అన్నాడు.

ఆయన దుబాయి వైపు ఐదేళ్లు పనిచేసి వచ్చాడు. ఇనుప పైపులు ఒకదానికొకటి బిగించి ఎత్తుగా కట్టే పని. ఆ కచేరీకి వేదిక కట్టినవాళ్లలో తనూ ఒకడు. అప్పుడు ఆయన చెప్పింది చాలా మటుకు ఆయన మాటల్లోనే గుర్తుంది.

“మూడు దినాలు కట్టినం మేడం. వాళ్ల బ్యాండు నలభై ఏండ్ల కెల్లి ఉన్నదట. అన్ని దేశాలు తిరిగి తిరిగి ఆఖరికి ఆడికి అచ్చిండ్రట. గా తర్వాత ఇగ పాడరట. ఫోర్‌మెన్ చెప్పిండు. పాటలు షురువయ్యే యాల్లకు గాలి లేసింది. స్టేజికి కప్పులెక్క కట్టిన పరదా ఎగురుడు మొదలైంది. నలుగుర్ని మీదికి పొమ్మన్నరు. నేను, మహారాష్ట్ర సరిహద్దుల ఉన్న డోంగ్లి ఊరి అన్న ఒకాయన, ఒక బీహారాయన, ఒక నేపాలాయన. నడుముకు బెల్టు కట్టుకొని, పరదా తాళ్లు పట్టుకొని పైపుల మీద కూసున్నం. అయిపోయేదాక గట్లనే.”

“పాటలు నచ్చినయా?” అని అడిగాను.

“ఒక్క ముక్క సమజ్ కాలే. గని పైపుల కెల్లి చప్పుడు గుండెలకు అచ్చేది. ముసలోళ్లు మేడం, మా బాపు అంత వయసోళ్లు. చెమటలు కారుతుంటే గూడ ఆపకుంట పాడిండ్రు. గది మంచిగనిపిచ్చింది.”

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. ఆఖరి పాటకు ముందు ఆ ముసలి గాయకుడు పాడటం ఆపి, పైన కూర్చున్న ఈ నలుగురి వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. పెద్ద దీపం తిప్పి వీళ్ల ముఖాల మీద వేశారు. మైదానమంతా నవ్వింది. తర్వాత చప్పట్లు కొట్టింది. మళ్లీ నవ్వింది.

“డోంగ్లి అన్న మొకం దాసుకున్నడు. నూనె మరకల బట్టలేసుకొని కోతులోలె పైకెక్కి కూసున్నమని నవ్వుతున్నరు అన్నడు. తెల్లారి స్టేజి ఇప్పినం, ఇంకో జాగకు పోయినం. గా ముచ్చట మల్ల ఎవ్వలం ఎత్తలే. ఏడాది తర్వాత దుకాణంల గీ డబ్బా కనబడ్డది. టవరు సూసి గుర్తువట్టి కొన్న. గాయన అన్న మాట గూడ ఇండ్ల ఉన్నది మేడం. ఎందుకు నవ్విండ్రో గదొక్కటి చెప్పాలె.”

ఆ చోటుకు పాటను జరిపి పెట్టాడు. ముప్పై, నలభై సెకన్ల మాట. సగం మాటలు మింగేస్తూ, ఒకదాన్ని ఒకదానిలో కలిపేస్తూ ఆ ముసలాయన గబగబా ఏదో అన్నాడు. నవ్వు. చప్పట్లు. మరో నవ్వు. నాకు ‘నలభై ఏళ్లు’ అన్నది ఒక్కటే అందింది.

అర్థం కాలేదని చెప్పేస్తే అయిపోయేది. ఎం.ఏ. ఇంగ్లీషు అన్న పేరు అడ్డం వచ్చింది.

“మీకు థాంక్స్ చెప్పిండన్నా. స్టేజి మంచిగ కట్టిండ్రని” అన్నాను.

“అయితే ఎందుకు నవ్విండ్రు మేడం?”

“ఏదో తమాషాకు అన్నడులే.”

ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. “సరే మేడం” అని డబ్బా మళ్లీ కవరులో చుట్టి ఆటో కదిలించాడు. ఇంకేమీ అడగలేదు. నేను అబద్ధం చెప్పానని ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఆరోజు క్లాసులో ఏం చెప్పానో గుర్తులేదు.

రెండు రోజులు ఆగి, ఆ పాటలు నాకూ కావాలని అడిగాను. ఎందుకని అడగకుండా ఎల్లారెడ్డిలో మొబైల్ షాపుకు తీసుకెళ్లి నా ఫోను కార్డులోకి ఎక్కించి ఇప్పించాడు. ఇంట్లో మా ఆయన పనికోసం కొన్న కంప్యూటరు ఉండేది. వంట అయిపోయి, బస్సుకు ఇంకా అరగంట ఉందనగా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక నోటుబుక్కు పెట్టి, వినబడ్డ మాటను వినబడ్డట్టే తెలుగు లిపిలో రాసుకున్నాను. ఒక్కో పొద్దుకు ఒక్కో మాట దొరికేది. కొన్ని పొద్దులకు అదీ లేదు.

“పరీక్షకు చదువుతున్నవా?” అన్నాడు మా ఆయన.

“అవును” అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

ఆ ముక్క కోసం వెతుక్కుంటూ దాని ముందు పాట, వెనుక పాట కూడా వినాల్సి వచ్చేది. మొదట్లో తలనొప్పిగా ఉండేది. క్రమంగా ఒక సంగతి గమనించాను. ఆ ముసలాయన గొంతు పై స్వరం అందుకోలేని చోట ఆగిపోడు. కిందికి దిగి, అక్కడి నుంచే పాట పూర్తిచేస్తాడు. ఆయన వదిలిన స్వరాన్ని మైదానంలో జనం అందుకుని పాడతారు. నలభై ఏళ్లుగా ఆ పాటలు విన్న జనం కదా. అది మొదటిసారి స్పష్టంగా వినిపించిన పొద్దున పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు.

కానీ నేను వెతుకుతున్న మాటలు మాత్రం రోజురోజుకూ భయపెట్టసాగాయి. పైన ఉన్న నలుగురి గురించి చెబుతూ ఆయన ‘బీస్ట్స్’ అన్నట్టు వినిపించింది. అంటే మృగాలు. కొంచెం తర్వాత ‘లెగ్’ అన్నట్టు వినిపించింది. అంటే కాలు. వేలాడుతున్న కాళ్లు చూసి మృగాలన్నాడా? డోంగ్లి ఆయన అనుకున్నదే నిజమా? ఎన్నిసార్లు విన్నా అవే మాటలు. నోటుబుక్కులో ఆ రెండింటి చుట్టూ పెన్సిలుతో గీత గీసి పెట్టుకున్నాను.

అప్పటి నుంచి ఆయన ఆటో కనబడితే మరో ఆటో ఎక్కాను. ఒకసారి ఆయనే ఆపి “ఎక్కుండ్రి మేడం” అంటే, ఎవరికోసమో ఎదురుచూస్తున్నానని తప్పించుకున్నాను. ముందు చెప్పింది అబద్ధం. ఇప్పుడు దొరికింది చెప్పరాని మాట. ఆ పాటలు తీసేసి ఊరుకుందామా అనిపించింది. తీసేయలేకపోయాను.

2012లో ఇంగ్లీషు లెక్చరర్లకు హైదరాబాదులో ఐదు రోజుల శిక్షణ పెట్టారు. శిక్షణ ఇచ్చిన ఆవిడ పెద్ద వయసు మనిషి. ఇంగ్లండులో చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి వచ్చింది. మూడోరోజు భోజనాల దగ్గర ధైర్యం చేసి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆటో ఆయన సంగతంతా చెప్పాను. నేను చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. ఫోను, నోటుబుక్కు చేతికిచ్చాను.

ఆవిడ చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నది. మధ్యలో ఫక్కున నవ్వింది.

“అమ్మా, మీరు రాసుకున్నది చాలావరకు సరిగ్గానే ఉంది” అంది. “రెండు మాటలే పొరపాటు. ఆయన మృగాలనలేదు. ‘బెస్ట్ సీట్స్’ అన్నాడు. అన్నింటికంటే మంచి కుర్చీలు. వాళ్ల ఊరి యాసలో అలాగే కలిసిపోతుంది. ఇది కాలు కాదు, ‘లెట్ గో’. వదిలేయడం.”

తర్వాత ఒక్కో వాక్యం ఆపి ఆపి చెప్పింది, నేను రాసుకున్నాను. చప్పట్ల తర్వాత రెండో నవ్వు ఎందుకని అడిగితే మళ్లీ విన్నది. “అక్కడ మాటలేమీ లేవమ్మా. ఏదో జరిగి ఉండాలి. అది మీ ఆటో ఆయన్నే అడగండి” అంది.

శిక్షణ అయిపోయిన మర్నాడు మామూలు బస్సు నేరుగా ఎల్లారెడ్డికే ఉంది. నేను లింగంపేటలో దిగిపోయాను. ఆయన ఆటో వచ్చేదాకా రెండు ఆటోలు వదిలేశాను. దారిలో కోసిన మక్క కంకులు రోడ్డు పక్కన ఆరబోసి ఉన్నాయి. మిగతావాళ్లు దిగాక, అక్కడ కొంచెం ఆపమన్నాను.

“అన్నా, మొదలు ఒక మాట. ఆరోజు నాకు సమజ్ కాలే. కాలేదని చెప్పడానికి సిగ్గై ఏదో చెప్పిన. తప్పు నాదే.”

“గది నాకెరికే మేడం” అన్నాడు, నేలకేసి చూస్తూ. “మీరే బాధపడుతరని మల్ల అడుగలే.”

అన్నాళ్లూ నేను ఆయన్ని తప్పించుకు తిరుగుతుంటే, ఆయన నా పరువు కాపాడుతూ వచ్చాడు. నోటుబుక్కు తీశాను. ఆయన పాట పెట్టాడు. ఒక్కో వాక్యం దగ్గర ఆపమని తెలుగులో చెప్పాను.

“నలభై ఏళ్ల నుంచి పాడుతున్నం, మా ముందు ఎంతోమంది కూర్చున్నరు. కానీ ఈ రాత్రి అన్నిటికంటే మంచి కుర్చీలు ఎవరివో చూడండి అంటున్నడు. అదిగో, పైన ఉన్న ఆ నలుగురివి అని మిమ్మల్నే చూపెట్టిండు.”

ఆయన తల ఊపాడు.

“ఈ రాత్రి ఇక్కడ నిజంగా పని చేసింది వాళ్లు నలుగురే. మేము ఉత్తగ పాడినం. వాళ్లు ఆ పరదా పట్టుకోకుంటే మనమందరం ఎగిరిపోదుము. వాళ్లకోసం చప్పట్లు కొట్టండి. కానీ వాళ్లను మాత్రం తిరిగి కొట్టమని అడగకండి. చేతులు వదిలిపెడితే కప్పు వచ్చి నా నెత్తి మీద పడతది. నాకు ఇంకొక్క పాట బాకీ ఉంది అన్నడు. అందుకే అన్నా, వాళ్లు నవ్వింది.”

ఆయన హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని రోడ్డుకేసి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“అయితే గా చప్పట్లు మాకేనా మేడం?”

“మీకే. ఆయన ఆరోజు తనకోసం అడగలేదు. మీకోసమే అడిగిండు.”

“మరి రెండోపారి ఎందుకు నవ్విండ్రో చెప్పలే.”

“అక్కడ మాటల్లేవు. అప్పుడేం జరిగిందో నువ్వే చెప్పాలి.”

కనుబొమలు ముడిచి ఆలోచించాడు. ఉన్నట్టుండి తొడ మీద చరుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

“గా నేపాలాయన మేడం. అందరు మనకే చప్పట్లు కొడుతున్నరని తాడు ఇడిసిపెట్టి చెయ్యెత్తి సలాం కొట్టిండు. పరదా లేసిపోతుంటె నేను వాన్ని తిట్టి వాని తాడు గూడ నేనే పట్టుకున్న. గాయన వద్దన్న పనే చేసిండు.”

నేనూ నవ్వాను. నా దగ్గర మొదటి నవ్వుకు జవాబు ఉంది, ఆయన దగ్గర రెండోదానికి ఉంది. ఎవరిది వాళ్ల దగ్గరే ఉండిపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

అక్కడే ఫోను తీసి డోంగ్లి అన్నకు కలిపాడు. నాకూ వినబడేట్టు స్పీకరు పెట్టి సీటు మీద ఉంచాడు.

“అన్నా, నేను. గా కచేరీల నవ్విండ్రు సూడు, గది మనల్ని కోతులనుకొని కాదే.”

“ఏ కచేరి?”

“మనం పరదా పట్టుకున్నది. గాయన మనకోసం చప్పట్లు కొట్టమన్నడంట. మేడం మొత్తం ఇని చెప్పింది.” ఆయన ఒక్క మాట వదలకుండా మళ్లీ చెప్పాడు. నెత్తి మీద కప్పు పడే మాటకు తనే ముందుగా నవ్వాడు.

“మల్లొక్కసారి చెప్పు” అని అవతలి నుంచి వినబడింది.

ఆ రోజు కాలేజీకి అరగంట ఆలస్యంగా వెళ్లాను. ఆ వారంలోనే క్లాసులో పిల్లలకు ఒక మాట చెప్పాను. నాకు ఇంగ్లీషు వినడం సరిగా రాదని, మీతోపాటు నేనూ నేర్చుకుంటానని. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత వారానికి ఒక గంట స్పీకరు తెచ్చి ఏదో ఒకటి వినిపించేదాన్ని. అర్థం కాని మాట దగ్గర అందరికంటే ముందు నేనే చెయ్యెత్తేదాన్ని. చెయ్యెత్తడానికి భయపడే ఆడపిల్లలు మెల్లగా ఎత్తడం మొదలుపెట్టారు. నా ఉద్యోగంలో నేను నిజంగా చదువు చెప్పింది ఆ ఏడాది నుంచే అనుకుంటాను. దానికి ఆ ఆటో ఆయనకూ, ఎక్కడో దూరదేశంలో ఉన్న ఆ బొంగురు గొంతు మనిషికీ నేను రుణపడి ఉన్నాను.

2014లో నాకు కామారెడ్డికి బదిలీ అయింది. ఎల్లారెడ్డి దారి తగ్గిపోయింది. ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఇంటి ముందు భార్యాభర్తలిద్దరు వచ్చి నిలబడ్డారు. మరాఠీలో ఏదో అనుకుంటూ, తలుపు మీద పేరు చూస్తున్నారు. ఆయన తెల్లని తువ్వాల తలకు చుట్టుకున్నాడు. డోంగ్లి నుంచి వచ్చామన్నాడు. కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి, ఆటో ఆయన్ని అడిగి మా ఇల్లు వెతుక్కున్నారట.

“మేడం, గది నా చెవులతోని ఒకసారి ఇనాలె” అన్నాడు.

కంప్యూటరు ముందు కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను. మాటలు మొదలవగానే ఆయన చెయ్యి తనకు తెలియకుండానే తాడు పట్టుకున్నట్టు బిగుసుకుంది. అయిపోయాక హెడ్‌ఫోన్ తీసి భార్య తలకు తనే పెట్టాడు. ఆమెకు మరాఠీలో వివరించాడు. చప్పట్లు వచ్చే చోట వేలెత్తి చూపించాడు.

ఆమె మొత్తం విని, నా వైపు తిరిగింది.

“గిది ముందుగాలనే తెలిస్తే అయిపోవు గదా మేడం. దుబాయి ముచ్చట ఎవలన్న తీస్తే చాలు, గిన్నేండ్లు మొకం మాడ్చుకొని బయటికి పోయేటోడు.”

“ఇగ పోనులే” అన్నాడాయన, సిగ్గుపడుతూ.

చాయ్ ఇచ్చాను. తాగుతూ ఆమె అడిగింది, ఆ పాడినాయన ఇంకా పాడుతున్నాడా అని. లేదు, అదే ఆఖరిది, తర్వాత మానేశారు అని చెప్పాను.

“మరి ఇప్పుడు ఏం చేస్తున్నడో” అంది ఆమె.

నాకు తెలియదన్నాను. తెలియదని చెప్పడం అప్పటికి నాకు బాగా అలవాటైంది.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, “యాడున్నా సల్లగుండాలె గా ముసలాయన” అంది. వాళ్ల బస్సుకు వేళ కావడంతో ముగ్గురం బస్టాండు దాకా నడిచి వెళ్లాం.